రెండు లక్షల వాచీ, ఆరంకెల ఓటీపీ

పండగ బోనసుల రోజులు దగ్గరపడితే చాలు, నాకు వాచీ ప్రశ్నలు మొదలవుతాయి. ఏది కొనమంటారని కొందరు, కొన్నాక ఇలా అయిందేమిటని కొందరు. బ్లూటూత్ ఎలా కలపాలి, బెల్టు ఎలా మార్చాలి వంటి వాటికి పెట్టెలో వచ్చే కాగితమే జవాబు చెబుతుంది కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. మిగిలిన వాటిలో పదే పదే వస్తున్నవి ఇవి.

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. నా కోసమంటూ ఖరీదైనదేదీ కొనుక్కోలేదు. ఇప్పుడు రెండు లక్షలు పక్కన పెట్టాను. స్విస్ మెకానికల్ వాచీ తీసుకోవాలా, లేక టైటానియం ఒళ్లు, గీతలు పడని అద్దం ఉన్న ఖరీదైన స్మార్ట్‌వాచీ తీసుకోవాలా? మా ఆవిడ రెండూ దండగే అంటోంది. – వరంగల్ పాఠకుడు

జవాబు: టైము చూసుకోవడానికే అయితే మీ ఆవిడ మాటే నిజం. బ్యాటరీ సెల్లుతో నడిచే మామూలు క్వార్ట్జ్ వాచీ లోపల చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అందుకే ఐదు వందల రూపాయల వాచీ కూడా సాధారణంగా నెలకు పదిహేను, ఇరవై సెకన్లకు మించి తప్పదు. స్విట్జర్లాండులో పరీక్షకు నిలబడి కచ్చితత్వానికిచ్చే క్రోనోమీటరు పత్రం తెచ్చుకున్న, స్ప్రింగుతో నడిచే మెకానికల్ వాచీకి ఉన్న వెసులుబాటు రోజుకు నాలుగు సెకన్లు వెనక్కి, ఆరు సెకన్లు ముందుకు. అంటే మీరు లక్షలు పోసి కొనేది కచ్చితత్వాన్ని మాత్రం కాదు.

మరి దేన్ని కొంటున్నట్టు? అడుగున అద్దం బిగించిన మెకానికల్ వాచీని ఒకసారి తిప్పి చూడండి. చుట్ట చుట్టిన స్ప్రింగు ఊపిరి తీసినట్టు ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంటుంది, దానితో పాటు చక్రం, చాలా వాచీల్లో, సెకనుకు ఎనిమిది ఊపుల చొప్పున అటూ ఇటూ కదులుతుంది. సెల్లు లేదు, ఛార్జింగు లేదు, అప్‌డేటు లేదు. అది నచ్చి కొనుక్కుంటే అందులో తప్పేమీ లేదు. దండగ ఖర్చని ఒప్పుకునే కొనుక్కోండి. పెట్టుబడి అని మాత్రం మీ ఆవిడకు చెప్పకండి. పేరున్న కొన్ని మోడళ్లను మినహాయిస్తే, దుకాణం గడప దాటగానే వాచీ ధర పడిపోతుంది. ఐదారేళ్లకోసారి విప్పి శుభ్రం చేయించి నూనె వేయించాలి, కంపెనీ సర్వీసు కేంద్రంలో ఆ బిల్లు వేలల్లోనే ఉంటుంది. రెండు లక్షలంటే ఆ ఖర్చును కూడా కలిపి లెక్క వేసుకోండి.

స్మార్ట్‌వాచీకి రెండు లక్షలా? వద్దు. 1969 డిసెంబరు 25న టోక్యోలో తొలి క్వార్ట్జ్ చేతి గడియారం అమ్మకానికి వచ్చినప్పుడు దాని ధర 4,50,000 యెన్లు. అప్పట్లో ఆ డబ్బుకు కారు వచ్చేది. అదే పరిజ్ఞానం ఇవాళ కోఠిలో ఫుట్‌పాత్ మీద కుప్ప పోసి ఉంటుంది. ఎలక్ట్రానిక్ సరుకు గతి ఎప్పుడూ ఇంతే. 2015లో ఒక పెద్ద కంపెనీ 18 క్యారెట్ల బంగారంతో స్మార్ట్‌వాచీ చేసి 10,000 డాలర్ల నుంచి 17,000 డాలర్ల దాకా అమ్మింది. లోపలున్న చిప్పు మాత్రం అదే కంపెనీ 349 డాలర్లకు అమ్మిన వాచీలోనిదే. 2018లో వచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ ఈ రెండింటికీ అందలేదు. బంగారం నిక్షేపంగా ఉంది, దాని లోపలి బుర్ర మూడేళ్లకే పాతబడింది.

ఇక్కడ మీ ప్రశ్నను కాసేపు పక్కన పెడతాను, ఎందుకంటే నా అసలు కడుపుమంట ఇదే. మన దగ్గర బిస్కెట్ ప్యాకెట్టు మీద కూడా ఎప్పటిలోగా తినాలో అచ్చు వేస్తారు. యాభై వేల వాచీ పెట్టె మీద ఎమ్మార్పీ ఉంటుంది, దిగుమతిదారు చిరునామా ఉంటుంది, ఎన్ని మీటర్ల నీటి లోతును తట్టుకుంటుందో ఉంటుంది. భద్రతా అప్‌డేట్లు ఏ తేదీ వరకు ఇస్తారన్నది మాత్రం ఉండదు. దుకాణంలో కుర్రాడిని అడిగితే ‘లైఫ్‌టైమ్ సార్’ అంటాడు. ఎవరి లైఫ్‌టైమ్? బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం, ఇంటర్నెట్‌తో కలిసే వస్తువులు తయారు చేసేవారు కనీసం ఎంతకాలం భద్రతా అప్‌డేట్లు ఇస్తారో ముందే ప్రకటించి తీరాలి. అక్కడ చెప్పగలిగిన తేదీని ఇక్కడ మన పెట్టె మీద అచ్చు వేయడానికి సిరా కరువైందా? నీటి లోతు సంగతీ అంతే. 50 మీటర్లని రాసి ఉంటే యాభై మీటర్ల లోతుకు దూకమని అర్థం కాదు. అది ప్రయోగశాలలో కదలని నీటి ఒత్తిడి లెక్క. వేడినీళ్లు, సబ్బు తగిలే కొద్దీ లోపలి రబ్బరు సీళ్లు బలం కోల్పోతాయి. వాచీతో స్నానం చేసి ‘మీటర్లు రాశారు కదా’ అని నాకు ఉత్తరం రాస్తే లాభం లేదు.

మళ్లీ మీ దగ్గరికి వస్తే, మెకానికల్ వాచీనే కొనండి, కొన్నాక చేతికి పెట్టుకోండి. లాకరులో దాచుకోవడానికైతే బంగారం ఉండనే ఉంది. మన ఎండలకూ చెమటకూ తోలు బెల్టు ఒక్క వేసవిలోనే వాసన వేస్తుంది, స్టీలు చైను తీసుకోండి. రద్దీ బస్సుల్లో, జాతరల్లో పాత వాచీ చాలు.

ప్రశ్న: ఫోను లాక్ అయి ఉన్నప్పుడు సందేశాలు కనిపించకుండా సెట్టింగు పెట్టుకున్నాను. కొత్త స్మార్ట్‌వాచీ మీద మాత్రం బ్యాంకు ఓటీపీ మొత్తం కనిపిస్తోంది. ఇది ప్రమాదమా, లేక నేనే అనవసరంగా భయపడుతున్నానా? – విజయవాడ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగిని

జవాబు: ఈ వారం వచ్చిన ఉత్తరాలన్నింటిలో నాకు నిజంగా ఆందోళన కలిగించింది మీదే. మీరు అనవసరంగా భయపడటం లేదు, ఇంకా సరిపడా భయపడలేదని నా అనుమానం.

మీ కౌంటరునే తీసుకోండి. చేయి బల్ల మీద ఉంటుంది. వాచీ ఒకసారి వణుకుతుంది, మీరు మణికట్టు తిప్పుతారు, తెర వెలుగుతుంది. పంపిన బ్యాంకు పేరు, మొత్తం, ఆరంకెలు అన్నీ ఒకే తెర మీద. అద్దానికి అవతల నిలబడ్డ మనిషికి అది తలకిందులుగా కనిపిస్తుంది, అయినా ఆరంకెలు చదవడం పెద్ద విద్యేమీ కాదు. ఫోనుకు వేసిన తాళం వాచీకి ఎందుకు వర్తించదో ఆ డిజైను చేసినవారే చెప్పాలి. ముందు వాచీ సెట్టింగుల్లో సందేశంలోని విషయం కనిపించకుండా చేయండి, వాచీకి పిన్ను పెట్టండి, చేతి నుంచి తీయగానే లాక్ అయ్యే సెట్టింగును ఆన్ చేయండి.

అయితే పక్కవాళ్ల కళ్లు చిన్న బెడద. పెద్ద బెడద మీ ఫోనులోనే ఉంది. వాచీని కలిపేటప్పుడు దాని యాప్ నోటిఫికేషన్లు చదివే అనుమతి అడిగింది గుర్తుందా? అప్పుడు ఫోను ఒక హెచ్చరిక కూడా చూపించి ఉంటుంది. ఎక్కువ మంది ఆ హెచ్చరికను చదవకుండానే ‘అనుమతించు’ నొక్కేస్తారు. ఆ ఒక్క నొక్కుతో మీ ఫోనుకు వచ్చే ఓటీపీలు, వాట్సాప్ సందేశాలు, ఆఫీసు మెయిళ్ల మొదటి వరుసలు ఆ యాప్ కళ్ల ముందు పడతాయి. తరువాత యాప్‌లోకి వెళ్లి ‘ఎస్సెమ్మెస్’ ఎదురుగా ఉన్న గుండీని ఆపేసి నిశ్చింతగా ఉంటారు. అక్కడే పొరబాటు. ఆ గుండీ వాచీ మీద చూపించడాన్ని ఆపుతుంది, యాప్ చదవడాన్ని ఆపదు. చదవడాన్ని ఆపాలంటే ఫోను సెట్టింగుల్లోనే, నోటిఫికేషన్ల అనుమతి ఉన్న చోట, కోత పెట్టాలి. చాలా కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో ఏ యాప్‌ల నోటిఫికేషన్లు చదవనివ్వాలో అక్కడే విడివిడిగా ఎంచుకోవచ్చు. సందేశాల యాప్‌ను, బ్యాంకు యాప్‌లను ఆ పట్టిక నుంచి తీసేయండి. ఆండ్రాయిడ్ 15 నుంచి ఓటీపీలను ఇలాంటి యాప్‌ల కంట పడకుండా దాచే ఏర్పాటు వచ్చింది కదా అంటారేమో. ఫోనుకు తోడు పరికరంగా నమోదైన వాచీల యాప్‌లకు అందులో మినహాయింపు ఉంది.

పేరున్న కంపెనీల యాప్‌లు వెంటనే మీ ఓటీపీలు దొంగిలిస్తాయని నేను అనడం లేదు. నా భయం పదిహేను వందల రూపాయల వాచీలతో. పెట్టెలో ఒక చిన్న కాగితం, దాని మీద క్యూఆర్ కోడ్, స్కాన్ చేస్తే యాప్ స్టోరుకు వెళ్లకుండా నేరుగా ఫైలే దిగుతుంది. తయారీదారు ఎవరో తెలియదు, సర్వరు ఏ దేశంలో ఉందో తెలియదు. అడుగుల లెక్క చెప్పడానికి దానికి మీ కాంటాక్టులు కావాలి, కాల్ వివరాలు కావాలి, సందేశాలు కావాలి. అలాంటి వాచీ ఎవరైనా బహుమతిగా ఇస్తే ఏ ఫోనుకూ కలపకండి, టైము చూసుకోండి చాలు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి, తరువాత మీ బ్యాంకుకు చెప్పండి.

ఇంకో మాట. 2016లో అమెరికా పరిశోధకులు కొందరు, చేతికున్న వాచీలోని కదలికల సెన్సర్ల ఆధారంగా ఆ చేతితో నొక్కిన ఏటీఎం పిన్నును చాలావరకు పట్టేయవచ్చని చేసి చూపించారు. అలాంటి దొంగ మీ వెంట పడే అవకాశం తక్కువే. అయినా వాచీ లేని చేత్తో పిన్ను నొక్కితే పోయేదేమీ లేదు.

పొద్దున్నే నడకకు వెళ్లేవారికి కూడా ఇది చెప్పాలి. 2017 నవంబరులో ఒక వ్యాయామ యాప్ ప్రచురించిన ప్రపంచ పటంలో, సైనికులు పరుగెత్తిన దారులు వెలుగు గీతల్లా కనిపించి 2018 జనవరిలో సైనిక స్థావరాల ఆనవాళ్లు బయటపడ్డాయి. అదే ఏడాది ఆగస్టులో అమెరికా రక్షణ శాఖ, సైనిక కార్యకలాపాల ప్రాంతాల్లో అలాంటి పరికరాల స్థాన సమాచారాన్ని వాడకుండా నిషేధించింది. మీ పటం ఇంకా సులువు. గీత మీ గేటు దగ్గర మొదలై మీ గేటు దగ్గరే ముగుస్తుంది, రోజూ అదే వేళకు. దానికి తోడు కొత్త వాచీతో సెల్ఫీ. దొంగకు చిరునామా, వేళ, వస్తువు మూడూ మీరే అందించినట్టు. యాప్‌లో మీ నడకలను మీరొక్కరే చూసేలా పెట్టుకోండి.

ప్రశ్న: మామయ్య గారు పెళ్లికి ఇచ్చిన ఆటోమేటిక్ వాచీ మూడేళ్లు బాగా నడిచింది. నెల రోజులుగా రోజుకు పది నిమిషాలు ముందుకు పరుగెడుతోంది. రిపేరు షాపులో మిషను మార్చాలంటున్నారు. – విశాఖ అధ్యాపకుడు

జవాబు: మార్పించకండి. రాత్రిపూట ఆ వాచీని ఎక్కడ పెడుతున్నారో చూడండి. ట్యాబ్లెట్ కవరు మీదో, స్పీకరు పక్కనో, ఫోనును అయస్కాంతంతో పట్టుకునే ఛార్జరు మీదో అయి ఉంటుంది. స్ప్రింగుకు అయస్కాంత గుణం పట్టి దాని చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, స్ప్రింగు పొట్టిదైనట్టు చక్రం వేగంగా తిరుగుతుంది. దిక్సూచిని వాచీ దగ్గరికి తీసుకెళ్తే ముల్లు కదులుతుందేమో గమనించండి. అయస్కాంత గుణం తీసే చిన్న యంత్రం మంచి రిపేరు షాపుల్లో ఉంటుంది, పని నిమిషంలో అయిపోతుంది. అది లేని షాపులో మీ వాచీ విప్పనివ్వకండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. తెనాలిలో నాన్నగారికి డెబ్భై దాటాయి, షుగరు, బీపీ ఉన్నాయి. సూది లేకుండా షుగరు చూపించే వాచీ పంపాలనుకుంటున్నాను.

జవాబు: పంపకండి. మీరున్న దేశంలో మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే ఎఫ్‌డీఏనే 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది, చర్మానికి సూది గుచ్చకుండా సొంతంగా షుగరు కొలిచే వాచీ గానీ ఉంగరం గానీ దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని. అయినా ఆన్‌లైన్‌లో అవి దొరుకుతూనే ఉన్నాయి. తెర మీద కనిపించిన అంకెను నమ్మి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. బీపీ చూపించే వాటిలో నమ్మదగినవి కూడా ఎక్కువగా చేతికి పట్టీ కట్టే యంత్రంతో అప్పుడప్పుడు సరిచూసుకోవాల్సినవే, కాబట్టి ఆ పట్టీ యంత్రమే కొనివ్వండి. పడిపోతే ఫోను చేసే సదుపాయం మాత్రం పెద్దవాళ్లకు పనికొస్తుంది. అయితే చాలా వాచీల్లో అది పనిచేయాలంటే ఫోను దగ్గరలో ఉండాలి, లేదా వాచీకే సొంత కనెక్షను ఉండాలి. పైగా రోజూ ఛార్జింగు. నాన్నగారు స్నానానికి వెళ్తూ దాన్ని తీసి దేవుడి గూట్లో పెట్టేస్తే, బాత్రూములో జారినప్పుడు వాచీకి ఏమీ తెలియదు.

ప్రశ్న: దుబాయ్ నుంచి వచ్చే బంధువు చేతికి పెట్టుకుని వస్తే కస్టమ్స్ ఉండదట, నిజమేనా? – కరీంనగర్

జవాబు: వాడుకున్న సొంత వస్తువు వేరు, మీ కోసం కొన్న కొత్త వాచీ వేరు. శంషాబాద్‌లో అధికారులకు ఆ తేడా మీకన్నా బాగా తెలుసు. బిల్లు చూపించి, పరిమితి దాటితే సుంకం కట్టమనండి. ఇక్కడే కొంటే, రెండు లక్షలు గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోవడం దుకాణదారుకు చట్టవిరుద్ధం. పది లక్షలు దాటిన వాచీకి 2025 ఏప్రిల్ 22 నుంచి ఒక శాతం పన్ను ముందుగా వసూలు చేస్తున్నారు, రిటర్నులో దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు. బిల్లు, వారంటీ కార్డు, వాచీ వెనక ఉన్న సీరియల్ నంబరు మూడూ కలుస్తున్నాయో లేదో దుకాణంలోనే చూసుకోండి. అదే ఉత్తరంలో ‘ఫస్ట్ కాపీ’, అంటే అసలుదానిలా కనిపించే నకిలీ, ఎక్కడ దొరుకుతుందని కూడా అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు.