నాలుగో రోజు నుంచి ఏం చేస్తావమ్మా?

ఒంగోలు

అమ్మాయికి ఆశీస్సులు.

మాజీ సైనికుల డిప్రెషన్ చూడ్డానికి కౌన్సెలర్లకు ట్రైనింగ్ పెడుతున్నావనీ, మూడు రోజులకు హాలు కూడా మాట్లాడావనీ రాశావు. సంతోషం. నాలుగో రోజు నుంచి ఏం చేస్తావో మాత్రం రాయలేదు. నా గొడవంతా దాని గురించే.

అమెరికాలో మాజీ సైనికుల శాఖ వాళ్లు డిప్రెషన్‌కి సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల వైద్యం) తమ కౌన్సెలర్లకు నేర్పేటప్పుడు మూడు రోజుల క్లాసుతో చేతులు దులుపుకోలేదు. తర్వాత ఆరు నెలలు వారం వారం ఫోన్‌లో కూర్చోబెట్టి, సెషన్ల రికార్డింగులు విని తప్పొప్పులు చెప్పారు. నువ్వూ వారానికో గంట పెట్టుకో. వచ్చినాయన ఒప్పుకుంటేనే రికార్డింగు, లేకపోతే బలవంతం వద్దు.

గిద్దలూరు, కంభం వైపు నుంచి వచ్చే మిలిటరీ మనిషి "దిగులుగా ఉంది సార్" అనడు. మోకాళ్ల నొప్పులంటాడు, నిద్ర పట్టట్లేదంటాడు. పక్కనున్న భార్య "ఊరికే కసురుకుంటున్నాడు" అంటుంది. పదిహేడేళ్లు సర్వీసు చేసి నలభై దాటకుండానే ఇంటికొచ్చినవాడు. పిల్లలు ఆయన లేకుండానే పెరిగారు, ఇల్లు ఆవిడే నెట్టుకొచ్చింది. ఇప్పుడు ఆ ఇంట్లో తన మాట ఎక్కడ చెల్లుతుందో ఆయనకే తెలీదు. పగలంతా బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకి పట్టుకుని కూర్చుంటాడు. మన కౌన్సెలర్ కుర్రాళ్లేమో సినిమాలు చూసి, సియాచిన్‌లో చేశారా, కాల్పులు జరిగాయా అని మొదలుపెడతారు. ఆయనంతట ఆయన చెప్తే వినాలి, తవ్వకూడదు. పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసుని వదలని జబ్బు, అనుమానముంటే సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి. అందరికీ అదే అంటగట్టొద్దు.

ఇంకో చిక్కుంది. రోజువారీ పనుల పట్టిక ఇస్తే మిలిటరీవాళ్లు చక్కగా నింపుకొస్తారు. ఉదయం ఐదింటికి నడక, టిక్కు. పొలం దగ్గరికి, టిక్కు. "ఎలా ఉంది?" అంటే "ఓకే సార్." ఆ ఓకేని నమ్మి ఫైలు మూసేస్తే మోసపోయినట్టే. పొలం దగ్గర ఎవరితో మాట్లాడారు, ఆ పూట అన్నం సయించిందా అని అడగాలి. మిలిటరీ క్యాంటీన్ కోటా మందు బాటిళ్లు ఎన్నాళ్లకు అయిపోతున్నాయో కూడా మొహమాటం లేకుండా అడగాలి.

డిప్రెషన్ ఎంతుందో చూసే ప్రశ్నల పత్రం, పీహెచ్‌క్యూ-9, అందరికీ వచ్చు. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు, పది వచ్చినా, దాటినా కాస్త గట్టిగా చూడాలి. నేర్పాల్సింది చావు ఆలోచనల గురించిన తొమ్మిదో ప్రశ్న అడగడం. "పిచ్చి ఆలోచనలేమైనా..." అని నసిగితే "లేవు" అనే జవాబొస్తుంది. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని కళ్లలోకి చూసి అడగడం ఒక్కొక్కరి చేతా క్లాసులోనే చేయించు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఇంట్లో లైసెన్సు తుపాకి ఉందా, మిరప తోటకి కొట్టే మందు ఎక్కడ పెడతారు అన్నది వెంటనే తేలాలి. కొన్నాళ్లు అవి వేరేవాళ్ల దగ్గర ఉండే ఏర్పాటు ఇంట్లోవాళ్లతో కలిసి చేయాలి. ఆ రోజు ఒంటరిగా పంపొద్దు. కేసవుతుందని ఇంట్లోవాళ్లు భయపడితే, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసినవాణ్ణి తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూస్తారని చెప్పమను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసిచ్చి పంపాలి.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, ఒక రిటైర్డ్ సుబేదారుని క్లాసుకి పిలువు. నేను పది స్లైడ్లు వేసి చెప్పేది ఆయన టీ తాగుతూ చెప్పేస్తాడు.

తేదీలు ఖాయమయ్యాక రాయి. రికార్డింగులు వినడానికి నేనొస్తాను, పొద్దుటి పూట పెట్టు. మధ్యాహ్నం భోజనమయ్యాక నన్ను నమ్ముకోవద్దు.

మీ మాస్టారు