జీతంలోంచి ఆయాకిచ్చే డబ్బులు తీసేసి చూస్తే వచ్చేది సగం లెక్కేనండి

ముందు నాకు ఉత్తరం రాసిన ఈయన సంగతి క్లుప్తంగా చెప్తాను, తర్వాత ఆయనకే జవాబు. ముప్పై మూడేళ్ళ మనిషి, నరసాపురంలో ఒక ప్రైవేటు రొయ్యల మేత కంపెనీలో అకౌంట్స్ చూస్తారు, చేతికి పద్దెనిమిదిన్నర వేలు వస్తుంది. వాళ్ళావిడకి 2025 మెగా డీఎస్సీలో ఎస్జీటీ (చిన్న తరగతుల టీచరు) పోస్టు వచ్చింది, స్కూలు అంతర్వేది వైపు పడింది, అందుకని కాపురం సఖినేటిపల్లికి మార్చారు. ఆవిడ జీతం చేతికి నలభై వేల పైచిలుకు. పాపకి పదకొండో నెల. ఇన్నాళ్ళూ అత్తగారు ఉండి చూసుకున్నారు, సంక్రాంతి వెళ్ళాక ఆవిడ కోడలి పురుడుకి వెళ్ళిపోవాలి. పిల్లని చూసుకునే మనిషి నెలకి ఎనిమిది వేలు అడుగుతోంది, గోదావరి దాటించే పంటు, పెట్రోలు, బయట టిఫిన్లు కలిపి ఇంకో నాలుగు వేలు. "అన్నీ పోగా మిగిలేది ఆరున్నర వేలేనండి, దాని కోసం పిల్లని వేరే మనిషి చేతిలో పెట్టడం ఎందుకు, నేనే మానేసి ఇంట్లో ఉంటే" అని అడిగారు. వాళ్ళమ్మగారేమో మగాడివై ఉండి పెళ్ళాం సంపాదన మీద కూర్చుంటావా అని అన్నం మానేశారట.

మీరు రాసిన దాంట్లో నన్ను బాగా పట్టుకున్నది ఒకటుంది. పాపకి జ్వరం ఎక్కువైందని మీ ఆవిడ ఫోన్ చేసేటప్పటికి మీరు పంటు మీద ఉన్నారు, గోదావరి మధ్యలో, ముందు మూడు ఆటోలు వెనక ఒక లారీ, మీ బండి ఎటూ కదలదు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని పాప ఏడుపు వింటూ నిలబడిపోయానన్నారు. ఆ పూట నుంచే మీకు మానెయ్యాలన్న ఆలోచన మొదలైందని నాకు అర్థమైంది. ఇక వరద వస్తే పంటు ఆపేస్తారు, చించినాడ వంతెన మీంచి చుట్టూ తిరిగి రావాలి, ఆ రోజుల్లో మీరు ఇల్లు చేరేసరికి పిల్ల నిద్రపోయే ఉంటుంది. కాబట్టి మీ కోరికలో తప్పేం లేదండి. మగాడు పిల్లని పెంచడానికి ఇంట్లో ఉంటే ఏమవుతుంది అని అడిగితే, ఏమీ అవదు, పిల్ల బాగా పెరుగుతుంది. నేను మానెయ్యమనే చెప్తాను, కానీ ఇప్పుడు కాదు, ఇంకో ఏడు నెలలు ఆగి.

ఎందుకో చెప్తాను. మీరు ఆ కంపెనీలో చేరి నాలుగేళ్ళ ఐదు నెలలు అయిందన్నారు. పర్మనెంట్ ఉద్యోగికి అయిదేళ్ళు నిండితే మానేటప్పుడు కంపెనీ గ్రాట్యుటీ అని కొంత డబ్బు ఇస్తుంది, మీ బేసిక్ పన్నెండు వేలు కాబట్టి ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, అంటే 12,000ని 15తో హెచ్చవేసి 26తో భాగించి అయిదేళ్ళకి చూస్తే సుమారు 34,600. ఇప్పుడు మానేస్తే అది వదులుకున్నట్టే. ఈ ఏడు నెలలు మనిషిని పెట్టుకున్నా నెలకి ఆరున్నర వేలు మిగులుతాయని మీరే అన్నారు, అది నలభై అయిదు వేలు, రెండూ కలిపి ఎనభై వేలు. పైగా మీరు పాడేసిన చీటీ ఇంకా ఎనిమిది నెలలు నెలకి అయిదు వేలు కట్టాలి కదా, ఎత్తేసిన చీటీ మధ్యలో ఆపడం కుదరదు, అది కూడా దాదాపు అప్పటికే అయిపోతుంది. చీటీ తీరిపోవస్తూ, గ్రాట్యుటీకి అర్హత వచ్చాక మానడం వేరు, ఇప్పుడే మానేసి ప్రతి నెలా చీటీ డబ్బు కోసం మీ ఆవిడ మొహం చూడడం వేరు.

ఇంకోటి, ఆరున్నర వేలే మిగులుతోంది అన్నారు చూడండి, ఆ లెక్కలో కనపడనివి చాలా ఉన్నాయి. పీఎఫ్ కింద మీ వాటా 1,440, కంపెనీ వాటా 1,440, నెలకి 2,880 మీ పేరున పోతోంది, అందులో కొంత పెన్షన్ ఖాతాకి వెళ్తుంది, ఆ నెలనెలా పెన్షన్ రావాలంటే మొత్తం సర్వీసు పదేళ్ళు ఉండాలి. అందుకని మానేశాక పీఎఫ్ డబ్బు తీసెయ్యకండి దయచేసి, తీసి ఫ్రిజ్జో బండో కొనేస్తే మళ్ళీ ఉద్యోగంలో చేరినప్పుడు సర్వీసు మొదటికొస్తుంది, అలా ఉంచేస్తే కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ చేసుకోవచ్చు, ఈలోపు వడ్డీ పడుతూనే ఉంటుంది, 2024-25కి 8.25 శాతం ఇచ్చారు. ఇంక ఈఎస్ఐ, అంటే మీ ఉద్యోగంతో వచ్చే వైద్య బీమా. మీ అమ్మగారి షుగర్ మందులు మీ ఈఎస్ఐ కార్డు మీదే తెస్తున్నానన్నారు. ఉద్యోగం పోతే కొన్నాళ్ళకి ఆ కార్డు కూడా పోతుంది. మీకూ పాపకీ మీ ఆవిడ ఈహెచ్ఎస్ (ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం) కార్డు ఉంటుంది, కానీ మీ అమ్మగారిని అందులో చేర్చే వీలుందో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే మందుల ఖర్చు మీ లెక్కలో రాసుకోవాలి. రాసుకోకపోతే ఆరు నెలలకి అదే గొడవవుతుంది, "నా తల్లి మందులకి కూడా అడుక్కోవాలా" అని మీకే అనిపిస్తుంది.

ఈ ఏడు నెలలు గడవడానికి మీ ఆవిడకున్న చైల్డ్ కేర్ లీవు సంగతి అడగండి, మన రాష్ట్రంలో మహిళా ఉద్యోగులకి సర్వీసు మొత్తం మీద 180 రోజులు ఉంది. కానీ ఆవిడది ఇంకా ప్రొబేషన్, ఇప్పుడు వాడొచ్చో లేదో, వాడితే ప్రొబేషన్ వెనక్కి జరుగుతుందో అనేది హెచ్ఎంనీ, మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసునీ అడిగి తేల్చుకోండి, వాట్సాప్ గ్రూపుల్లో చెప్పింది పట్టుకుని లీవు పెట్టించకండి. అది కుదరకపోతే ఆ ఎనిమిది వేల మనిషినే పెట్టుకోండి, అత్తగారు ఉండగానే ఒక పదిహేను రోజులు పాపకి అలవాటు చెయ్యండి.

అలాగే ఈ నెలల్లో ఇల్లంతా మీ ఆవిడ జీతం మీదే నడిపి చూడండి. మీ జీతంలో ఆయాకి, చీటీకి, దారి ఖర్చులకి పోగా మిగిలింది ముట్టుకోకుండా వేరే ఖాతాలో వెయ్యండి. అద్దె, పాలు, గ్యాసు లెక్క అందరూ వేస్తారు, కానీ మన వైపు ఇళ్ళు దెబ్బతినేది వాటి దగ్గర కాదండి, ఆషాఢం సారె దగ్గర, పెళ్ళిళ్ళ చదివింపుల దగ్గర, పండక్కి అల్లుడిగా మీరూ ఆడపడుచుకి మీ ఆవిడా పెట్టాల్సిన బట్టల దగ్గర. అవి కూడా ఆ ఒక్క జీతంలోనే గడిచాయంటే ధైర్యంగా మానెయ్యండి.

మానేశాక ఒక పని మాత్రం తప్పకుండా చెయ్యాలి, దీని మీద నేను గట్టిగా చెప్తాను. ప్రతి నెలా జీతం పడిన రెండో రోజున మీ ఆవిడ ఖాతా నుంచి మీ ఖాతాకి ఒక నాలుగు వేలు దానంతటదే వచ్చేలా బ్యాంకులో పెట్టించండి. ఖర్చులకి అడిగి తీసుకునే డబ్బు కాదది, ఇంట్లో ఉండి పిల్లని పెంచే మనిషి పేరున జమ. నాకు ఇన్నాళ్ళూ వచ్చిన ఉత్తరాల్లో ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్న ఆడవాళ్ళవే ఎక్కువ, వాళ్ళల్లో చాలామంది బాధ పని ఎక్కువైందని కాదు, వంద రూపాయలకి కూడా కారణం చెప్పాల్సి వస్తోందని. మగాడైనా అదే బాధ వస్తుంది, మీకైతే మీ అమ్మగారి మాటలు దానికి తోడవుతాయి. ఇంట్లో సంపాదన ఒక్కరిదే అయ్యింది కాబట్టి మీ ఆవిడ పేరున ఒక టర్మ్ పాలసీ కూడా తీసుకోండి, ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా ఏపీజీఎల్ఐ ఉంది కదా అని సరిపెట్టుకోవద్దు, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత లైఫ్ పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా తీసేశారు.

ఎన్నాళ్ళు ఇంట్లో ఉంటారో కూడా ఇప్పుడే అనుకోండి. అంగన్‌వాడీలో ప్రీస్కూలుకి మూడేళ్ళు నిండాలి, అంటే మీరు మానేసే టైంకి పాపకి ఏడాదిన్నర అనుకుంటే ఇంకో ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నరా పని పూర్తిగా వదిలెయ్యకండి, అకౌంట్స్ వచ్చినవాడికి మన డెల్టాలో పని కొదవ లేదు, మేత షాపులు, ఐసు ఫ్యాక్టరీలు, కొబ్బరి వ్యాపారులు, వీళ్ళకి లెక్కలు చూసిపెట్టే మనిషి కావాలి, ఇద్దరు ముగ్గురివి ఒప్పుకుంటే పాప మధ్యాహ్నం పడుకున్నప్పుడు చూసుకోవచ్చు. కానీ పది ఒప్పుకోవద్దు, మానేసింది పిల్ల కోసం.

ఇది మీకు ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నాను, ఊళ్ళో మగాడు పగలు ఇంట్లో కనపడితే ఖాళీగా ఉన్నాడనుకుంటారు. బాబాయిని రాజోలు ఆసుపత్రికి తీసుకెళ్ళు, ఆధార్ అప్‌డేట్ చేయించు, చేలో నీళ్ళు పెట్టారో లేదో చూసిరా అని అందరూ పురమాయిస్తారు, మీరు కాదనలేరు, పాప మళ్ళీ ఎవరి చేతిలోనో ఉంటుంది. మొదటి నెలలోనే "పాపకి అన్నం పెట్టే టైమండి, రాలేను" అని నాలుగైదు సార్లు చెప్పండి, అలవాటు పడతారు. ఇంట్లో కూడా మీరు సాయం చేస్తున్న మనిషి కాదు, పని మీదే. టీకా కార్డు ఎక్కడుందో, పాపకి ఏ పప్పు పడదో మీ ఆవిడ స్కూల్లో ఉండి ఫోన్లో చెప్పే పరిస్థితి ఉండకూడదు.

అమ్మగారికి ఈ విషయం మీరే చెప్పండి, మీ ఆవిడ పక్కన లేనప్పుడు. కోడలి జీతం ఎక్కువ కాబట్టి అని మొదలుపెట్టకండి, ఆవిడకి అక్కడే తగులుతుంది. ఏడు నెలల తర్వాత మానుతున్నాను, చీటీ అయిపోతుంది, నీ మందులకి ఇంత పక్కన పెట్టాను, పాప స్కూలుకి వెళ్ళగానే మళ్ళీ చేరతాను అని చెప్పండి. నీ మందుల డబ్బు ఇదిగో అని చూపిస్తే ఆవిడ భయం సగం తగ్గుతుంది, మిగతాది చుట్టాలు ఏమంటారోనన్న బెంగ, దానికి టైం పడుతుంది, ఈలోపు ఆవిడ మాట పడితే పడండి గానీ ఆ కోపం తీసుకెళ్ళి మీ ఆవిడ మీద చూపించకండి.

రిజైన్ లెటర్ ఇచ్చేముందు పీఎఫ్ ఖాతాలో నామినేషన్ ఒకసారి తెరిచి చూడండి. పెళ్ళికి ముందు అమ్మగారి పేరు పెట్టి వదిలేసి ఉంటే పెళ్ళయ్యాక అది చెల్లదు, మీ ఆవిడ, పాప వివరాలతో కొత్తగా వెయ్యాలి. కంపెనీలో ఉండగానే ఆధార్, బ్యాంకు వివరాలు కూడా సరిచేయించుకుని, వాళ్ళు ఎగ్జిట్ డేట్ (మీరు మానేసిన తేదీ) వేసేదాకా అడుగుతూ ఉండండి.