ఊరి చరిత్ర: కైఫీయతు మాటా, వృద్ధుల మాటా?

ప్రశ్న: మా గ్రామ కైఫీయతు (పూర్వం ఊరి వివరాలు సేకరించి రాసిన స్థానిక చరిత్ర) ఆధారంగా ఊరి చరిత్రను చిన్న పుస్తకంగా అచ్చువేసి, సారాంశాన్ని పంచాయతీ కార్యాలయం ముందు బోర్డుగా పెట్టాలనుకుంటున్నాం. వృద్ధులు చెప్పే కథ మాత్రం దానితో కలవడం లేదు. దేనిని ప్రమాణంగా తీసుకోవాలి?

జవాబు: ముందుగా ఏది ఎవరి నోటి మాటో తేల్చుకోవాలి. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ (1754–1821) తరఫున కావలి బొర్రయ్య, 1803లో బొర్రయ్య మరణించాక సోదరుడు లక్ష్మయ్య, వారి సహాయకులు ఊళ్ల వివరాలు సేకరించినప్పుడు వారికి ఎక్కువగా ఆధారమైనవి కరణాల ఇళ్లలోని కవిలెలు (ఊరి లెక్కల పుస్తకాలు). అందుకే కైఫీయతుల్లో ఆలయ ప్రతిష్ఠలు, అగ్రహార దానాలు, మాన్యాలు (సేవకు ప్రతిఫలంగా ఇచ్చిన భూములు), పొలిమేరలు, అధికారం చేతులు మారిన క్రమం నిండుగా ఉంటాయి. పొలం దున్నిన పాలేరు, వెట్టి చేసిన కుటుంబం దాదాపుగా కనిపించరు. అంతమాత్రాన కరణం అబద్ధం రాశాడని కాదు. తన లెక్కకు అవసరమైనదే రాశాడు.

ఆ ఖాళీని కొంతవరకు పూరించేవి, మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం (మాన్యం) భూముల హక్కులను విచారించేందుకు 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ రిజిస్టర్లు. మంగలి, చాకలి, కుమ్మరి వంటి వృత్తులవారికి ఏ సేవకు ఎంత మాన్యం ఉండేదో వాటిలో వెతకవచ్చు. అయితే కళ్లంలో ఎవరికి ఎంత మేర (పంటలో వాటా) దక్కేది, ఏ బావి దగ్గరకు ఎవరిని రానిచ్చేవారు కాదు వంటి సంగతులకు వృద్ధుల మాటే శరణ్యం. వృద్ధులంటే రచ్చబండ మీద కూర్చునే మగవారే అనుకోకండి. నాట్లకూ కలుపులకూ వెళ్లిన స్త్రీలు కూలి చరిత్రను మరింత వివరంగా చెప్పగలరు.

కాలనిర్ణయంలో మాత్రం జ్ఞాపకాన్ని పరీక్షించక తప్పదు. “నందన కరువులో ఊరు వలసపోయింది” అని ఎవరైనా అంటే 1832–33 నాటి గుంటూరు కరువు గుర్తుకు రావచ్చు; కానీ నందన నామ సంవత్సరం అరవై ఏళ్లకొకసారి వచ్చేదే కనుక, చెప్పినవారి తరాలు లెక్కించి, దొరికితే శిస్తు కాగితాలతో సరిచూసి గానీ ఆ తేదీ వేయకూడదు.

ఇక బోర్డు సంగతి. నాలుగు వాక్యాల్లో చెక్కిన చరిత్రను ఎవరూ ప్రశ్నించరు, అదే దానిలోని ప్రమాదం. కాబట్టి పుస్తకం చిత్తుప్రతిని ప్రతి పేటలోనూ చదివి వినిపించి, అభ్యంతరాలను నమోదు చేసి, కలవని చోట రెండు కథనాలనూ, ఎవరు చెప్పారో తెలిసేలా పక్కపక్కనే అచ్చువేయండి. మాన్యాల వివరాలు నేటి భూతగాదాల్లోకి వెళ్లే అవకాశం ఉంది గనుక, బతికున్నవారి ఇంటిపేర్లను వారి అనుమతి లేకుండా వాడకండి. బోర్డు పని ఆ తరువాతే పెట్టుకోండి.