ఓటు వేసినవాళ్లందరూ కొనరమ్మా

బుజ్జీ,

నీ ఆరు డ్రాయింగులూ రాత్రి రెండుసార్లు చూశాను. పోచంపల్లి ఇక్కత్‌తో ఆ పొడవాటి కుర్తీ, దానిమీద వేసుకునే ష్రగ్ నాకు నిజంగా నచ్చాయి. వాటిని జనం ఓట్లు వేసి ఎంచుకునే ఆన్‌లైన్ వేదికలో ఈ వారమే పెడతానన్నావు. పెట్టు, వద్దనను. షాపు అద్దె లేకుండా, స్టాకు మీద అప్పు లేకుండా కొత్త డిజైనర్ పేరు పదిమంది కంట పడే దారి మా రోజుల్లో లేదు. కానీ ఈ వారం వద్దు. కొన్ని పనులు అయ్యాక పెట్టు.

అన్నిటికంటే ముందు డిజైన్ రిజిస్ట్రేషన్, అంటే ఇంకొకరు కాపీ కొట్టకుండా నీ డిజైన్‌ను ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవడం. చాలామంది పిల్లలు ఇక్కడే నష్టపోతున్నారు. మన దేశంలో 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం, దరఖాస్తు పెట్టేలోపే డిజైన్ జనం కంట పడితే దాన్ని కొత్తదిగా లెక్కించరు. ఓటింగ్‌కు పెట్టడమంటే లోకమంతటికీ చూపించడమే కదా. అందుకే ముందు దరఖాస్తు, తర్వాతే ఫొటోలు. రిజిస్టర్ అయితే పదేళ్లు రక్షణ ఉంటుంది, ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. 'గీసింది నేనే, కాపీరైట్ నాకు ఉంటుందిగా' అనుకోకు. రిజిస్టర్ చేయించుకునే వీలున్న డిజైన్‌ను చేయించకుండా మిషన్ల మీద యాభై పీసులకు మించి తయారుచేస్తే దానిమీద కాపీరైట్ పోతుంది. అయితే ఇక్కత్‌లో తరతరాలుగా వస్తున్న మోటిఫ్‌లు, ఆ పాత నమూనాలు, నీ సొంతం కావు. వాటిని నువ్వు కొత్తగా అమర్చిన తీరు, ష్రగ్‌కు ఇచ్చిన ఆకారం, ఇవే నీవి. ఆరు డిజైన్లకూ ఖర్చు పెట్టలేకపోతే బాగా అమ్ముడుపోతాయనిపించే రెండింటికి చేయించు, ఆ రెండే చూపించు.

ఇక ఓట్ల సంగతి. అందరూ త్రెడ్‌లెస్ పేరు చెబుతారు. 2000లో ఇద్దరు కుర్రాళ్లు వెయ్యి డాలర్లతో మొదలుపెట్టిన షికాగో కంపెనీ అది. ఎవరైనా బొమ్మ గీసి పంపొచ్చు, జనం మార్కులు వేస్తారు, గెలిచినదాన్ని టీషర్టు మీద ప్రింట్ చేసి అమ్ముతారు, గీసినవాళ్లకు డబ్బు ఇస్తారు. అది నిలబడింది. నా లెక్కలో పెద్ద కారణం ఏమిటంటే అక్కడ టీషర్టు ఒకటే, మారేది దానిమీది బొమ్మ. సైజు గొడవ దాదాపు లేదు. నీ కుర్తీ అలాంటిది కాదు. చంక దగ్గర అర అంగుళం తేడా వస్తే చెయ్యి ఎత్తలేరు. తెరమీద చూసి ఓటు వేసే అమ్మాయికి ఆ సంగతి తెలియదు. బట్ట ఇంటికొచ్చి వేసుకున్నాక తెలుస్తుంది, వెంటనే రిటర్న్ పెడుతుంది.

ఇది నాకు ఎలా తెలుసంటే, బొటిక్ నడిపిన చివరి రోజుల్లో నేనూ ఒక సైట్‌లో మంగళగిరి కాటన్ కుర్తీ పెట్టాను. నాలుగు వందలకు పైగా ఓట్లు వచ్చాయి. ఆ సంతోషంలో అరవై పీసులకు గుడ్డ తెప్పించేశాను. కొన్నది ఇరవై తొమ్మిది మంది. అందులో తొమ్మిది వెనక్కి వచ్చాయి, అన్నీ సైజు కుదరకే. మిగిలిన గుడ్డ అమ్ముకోవడానికి రెండేళ్లు పట్టింది. అందుకే చెబుతున్నాను: ఓటు పడిందని గుడ్డ కొనకు. అడ్వాన్సు పడ్డాకే కొను. ముందుగా డబ్బు కట్టించుకునే ప్రీ-ఆర్డర్ పద్ధతి ఉన్న వేదికనే ఎంచుకో. అమెరికాలో మోడ్‌క్లాత్ అనే కంపెనీ 2009లో శాంపిల్స్ చూపించి ఏవి కుట్టించాలో కస్టమర్లనే ఓటు వేయమంది. కానీ అక్కడ స్టాకు భారం కంపెనీది. ఇక్కడ భారం నీది, మీ నాన్నది.

ప్రీ-ఆర్డర్‌కు ఎంత లక్ష్యం పెట్టుకోవాలని అడిగావు. నచ్చిన అంకె వేసుకోవద్దు. పోచంపల్లి వెళ్లి నేతన్నను అడుగు, ఒక పడుగుకు, అంటే మగ్గం మీద ఒకసారి ఎక్కించే నిలువు నూలుకు, ఎన్ని మీటర్లు వస్తాయని. పడుగు ఎక్కించాక మధ్యలో ఆపడం కుదరదు, దాని పొడవంతా నేయాల్సిందే. ఆ మీటర్లను కుర్తీల్లోకి మార్చి చూడు. ఆ సంఖ్యే నీ లక్ష్యం. లెక్కేసేటప్పుడు గుడ్డ పన్నా (వెడల్పు) ఎంతో చూసుకో, ముందు భాగంలో డిజైన్ కలిసేలా కత్తిరించాలంటే మామూలు గుడ్డ కంటే ఎక్కువ పడుతుంది. కత్తిరించే ముందు గుడ్డను తడిపి ఆరబెట్టు, లేకపోతే మొదటి ఉతుకులోనే కుదించుకుపోతుంది.

గడువు విషయంలో ఇంకా జాగ్రత్త. ఇక్కత్‌లో నూలుకు ముందే చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట్ల బిగించి కట్టి, రంగు అద్దుతారు, ఆ తర్వాతే నేస్తారు. ఆర్డరు పడ్డాక 'ఎరుపు వద్దు, నీలం కావాలి' అంటే కుదరదు. ఆ మాట పేజీలో స్పష్టంగా రాయి. నేతన్న చెప్పిన రోజులకు ఇంకో మూడు వారాలు కలిపి గడువు పెట్టు. వర్షాకాలంలో రంగులు ఆరవు, ఇంట్లో పెళ్లి ఉంటే మగ్గం ఆగుతుంది. ఆలస్యమైతే కొనుక్కున్నవాళ్లకు నువ్వే ముందుగా చెప్పు. వాళ్లు అడిగేదాకా ఆగావంటే నమ్మకం పోతుంది. ఇంకో మాట, పోచంపల్లి ఇక్కత్‌కు 2005 నుంచి జీఐ గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు నేతకే చెందుతుంది. ఇక్కత్‌లా కనిపించే ప్రింటు గుడ్డ వాడి ఆ పేరు పెట్టకు, ఎంత చవకగా దొరికినా సరే.

ధర దగ్గర నీ కూలి మర్చిపోయావు. ఒక్కో కుర్తీకి గుడ్డ 1,000 రూపాయలు, కుట్టుకూలి 350, లైనింగూ బటన్లూ 150, ప్యాకింగ్, కొరియర్ కలిపి 140. ఇక్కడికే 1,640. ఆపైన సైట్ కమీషన్, వెనక్కి వచ్చేవాటి ఖర్చు, నీ రోజులు. నువ్వు రాసిన 1,800కు అమ్మితే నీకు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. అలాగని 2,500 దాటనివ్వకు. 2025 సెప్టెంబరు 22 నుంచి పీసు 2,500 లోపైతే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. ష్రగ్‌నూ కుర్తీనీ ఒక్కటిగా అమ్మాలా, విడివిడిగా అమ్మాలా అన్నది ఆడిటర్‌ను అడిగి తేల్చుకో.

జనం దగ్గర ముందే డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ సైట్‌లో, న్యూజెర్సీలో ఉన్న అన్నయ్య పేరు మీద పెడతానన్నావు. అక్కడ అనుకున్న మొత్తం పూర్తిగా రాకపోతే ఒక్క డాలరు కూడా చేతికి రాదు. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. కానీ డబ్బు వచ్చాక బట్ట అందకపోతే జవాబు చెప్పాల్సింది మీ అన్నయ్యే. పన్ను కూడా వాడి లెక్కలోకే వెళ్తుంది. ఫోన్‌లో 'సరే' అన్నాడని ఊరుకోకు, కూర్చోబెట్టి మాట్లాడి కాగితం మీద రాసుకోండి. ఇక్కడి నుంచి సరుకు పంపాలంటే ఎగుమతి కోడ్ కూడా తీసుకోవాలి.

కస్టమర్ల పేర్లు, కొలతలు, ఏం కొన్నారో నీ దగ్గర ఒక పుస్తకంలో రాసిపెట్టుకో. పాలీవోర్ అని ఒక సైట్ ఉండేది, లక్షలమంది దుస్తుల ఫొటోలు జతచేసి పెట్టేవారు. 2018లో ఇంకో కంపెనీ కొనేసి అప్పటికప్పుడు మూసేసింది. ఏళ్ల తరబడి పేర్చుకున్నవాళ్లు తమవి తాము డౌన్‌లోడ్ చేసుకోవడానికి పరుగులు పెట్టారు.

ఆదివారం శాంపిల్ కుర్తీ తీసుకుని ఇంటికి రా. మా పాత కటింగ్ మాస్టర్‌ను కూడా రమ్మన్నాను. ఎక్స్‌ఎల్ సైజుకు చంక దగ్గర ఎంత వదలాలో ఆయన చూపిస్తాడు. అప్పటిదాకా ఒక్క ఫొటో కూడా ఎక్కడా పెట్టకు, వాట్సాప్ స్టేటస్‌లో కూడా.

నీ పెద్దమ్మ