చిత్తు పుస్తకం పారేయకు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ బాపు ఫోన్ చేసిండు. నువ్వు ఎనిమిదో తరగతి పిల్లల చేత చరిత్ర పాఠానికి డిజిటల్ పోర్ట్‌ఫోలియోలు చేయిస్తున్నవట. ఏందిరా అవి అంటె వానికీ సరిగ తెల్వది, "ఫోన్ల ప్రాజెక్టు అసుంటిది" అన్నడు. పిల్లల రాతలన్నీ మొదటి నుంచి చివరి దాక ఫోన్ల, కంప్యూటర్ల దాచిపెట్టుడని నాకర్థమైంది. మన ఇంట్ల నా తర్వాత సుద్దముక్క పట్టింది నువ్వే. మస్తు సంబురమైంది. పండుకున్నంక మాత్రం నిద్ర పట్టలే.

నీకు తెలిసినవి ఒక్క మాటల ఒడగొడ్త. పిల్లకొక ఫోల్డర్ పెట్టు, ఫైలు పేరుల తేదీ ఉండాలె, తల్లిదండ్రుల సంతకం తీసుకో, పిల్లల ముఖాలు బయటి గ్రూపులల్ల పెట్టకు, ఇంట్ల ఫోన్ లేని పిల్లకు బడి వేళల్ల నీ ఫోన్ ఇయ్యి. ఇవన్నీ నాకంటే నీకే ఎక్కువ ఎరుక.

నా భయం వేరే. 2021ల రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి సంది ఏ బడి ప్రాజెక్టు చూసినా ఒక్కటే తీరు. నీళ్ల మీద తేలే ఇటుకలు, మదనికలనే ఆడ శిల్పాల బొమ్మలు, గుడి ముంగట సెల్ఫీ. నలభై మంది పిల్లలు, ఒకటే పేరా. చార్టు పోయి ఫోన్ వచ్చింది, గంతే.

నువ్వు గుడికి తీస్కపోకముందే ఒకటి రాయించు: ఈ గుడి ఎవరు కట్టించిండ్రనుకుంటున్నవు? సగం మంది "రామప్ప అనే రాజు" అని రాస్తరు. రాయనియ్యి. దిద్దకు. తేదీ వేసి ఫోల్డర్ల పెట్టు. తర్వాత ఆ గుడి ఉన్న పాలంపేటల శాసనం ముంగట నిలబెట్టి, 1213 నాటి ఈ రాత కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిండని చెప్తున్నదని చూపియ్యి. రామప్ప అన్నది శిల్పి పేరని జనం చెప్పుకునే మాట కూడ చెప్పు. మళ్ల రాయించు. అప్పుడు అడుగు: శాసనంల కట్టించినోని పేరున్నది, మరి జనం నోట్ల శిల్పి పేరెందుకు నిలిచింది? మొదటి తప్పు చెరిపేస్తె ఈ ప్రశ్న పుట్టదు.

మొన్న నా మనుమరాలు చూపించింది, గూగుల్ డాక్స్‌ల పాత ప్రతులు కూడ ఉంటయట. ఏ రోజు ఏం కొట్టేసిండ్రో వెనుకకు పోయి చూడొచ్చట. అది చూస్తుంటె కడుపుల దేవినట్టయింది. ఎందుకో నీకు ఎన్నడూ చెప్పలే.

1996. పరకాల దిక్కు ఒక ఊరి హైస్కూల్ల పనిచేస్తున్న. ఇంట్ల ముసలోళ్లను అడిగి రజాకార్ల నాటి ముచ్చట్లు రాస్కరాండ్రని పిల్లలకు చెప్పిన. తొమ్మిదో తరగతి పిలగాడొకడు, లెక్కలల్ల మొద్దు, మాట్లాడితే నత్తి, వాళ్ల నాయనమ్మ ముచ్చట రాసుకొచ్చిండు. 1947 సెప్టెంబర్ 2న పరకాలల జెండా ఎగరేయబోయిన జనం మీద కాల్పులు జరిపిండ్రు గద, ఆ నాటి సంగతి. మొదటి రోజు ఆమె "నేను గుంపుల్నే ఉంటి, జెండ జూస్తి" అన్నదట. రెండు రోజులకు మళ్ల అడిగితె "నేను పొలంల కలుపు తీస్తున్న, పోయింది మా అన్న" అన్నదట. వాడు రెండూ రాసిండు, ఆమె నోట్ల మాట ఎట్లున్నదో అట్లనే. నడుమ ఒక లైన్: "ఈడ నాయనమ్మ చానసేపు మాట్లాడలే." రాసుకొచ్చి, నత్తినత్తిగ అడిగిండు: "సార్, రెండిట్ల ఏది నిజం?"

నా ముప్పై ఒక్క ఏండ్ల నౌకరిల ఏ పిల్లా నన్ను అంత మంచి ప్రశ్న అడగలే. నేనేం చేసిన్నో ఎరుకనా? ఎర్రపెన్ను తీసి రెండోది కొట్టేసిన.

జిల్లా ప్రదర్శన దగ్గర పడ్డది. "ప్రత్యక్ష సాక్షి" అని పేరు పెట్టిన. "ఉంటి", "జూస్తి" అన్నవాటిని "ఉన్నాను", "చూశాను" చేసిన. మాట్లాడలే అన్న లైన్ తీసేసిన. చేతిరాత మంచిగున్న ఇంకో పిల్ల చేత ఫెయిర్ కాపీ రాయించిన. షీల్డు వచ్చింది. ఏడాది చివర చిత్తు పుస్తకాలన్నీ పరీక్ష కాయిదాలతోటి కలిపి తూకానికి అమ్మించిన.

పదేండ్లకు కాజీపేట స్టేషన్ల కలిసిండు ఆ పిలగాడు. నత్తి పోలే. నాయనమ్మ పోయిందని చెప్పి, "సార్, నా చిత్తు పుస్తకం ఉన్నదా?" అన్నడు. షీల్డున్నదని చెప్పబోయి నోరు మూసుకున్న.

ఆమె తనను గుంపుల ఎందుకు నిలబెట్టుకున్నదో ఇప్పటికీ ఆలోచిస్త. అన్నను ఒక్కణ్ని పంపిన్ననే బాధనా? నాకు తెల్వది. ఆ రెండు రాతలు పక్కపక్కన ఉంటె వాడన్నా ఆలోచించేటోడు.

పెద్ద చరిత్రకారులే మార్చుకుంటరు. రుద్రమదేవి 1295 దాక ఏలిందని రాసేటోళ్లు ఉండె. నల్లగొండ దిక్కు చందుపట్ల శాసనం చూసినంక 1289కే కన్నుమూసిందంటున్నరు. పిల్లలకు ఈ రెండు తేదీలూ చూపియ్యి, ధైర్యమొస్తది.

మార్కుల సంగతి. ఎఫ్‌ఏల, అంటె ఏడాది నడుమ పెట్టే చిన్న పరీక్షలల్ల, ప్రాజెక్టుకు ఉన్నయే అయిదు. అవి రంగు స్లైడ్లకు వేస్తె పిల్లలు రంగులే పూస్తరు. మొదటి రాతకు, చివరి రాతకు నడుమ ఏం మారింది, ఎందుకు మారింది అని రెండు నిమిషాలు వాళ్ల మాటల్నే చెప్పించి రికార్డు చెయ్యి, మార్కు దానికెయ్యి. నెట్ల నుంచి దించింది నోట్ల రెండు నిమిషాలు నిలువదు.

వెట్టి ముచ్చట్లు రాయిస్తె జర పైలం. దొర ఇంటి పేరు రికార్డుల పడుతది, వాళ్ల మనుమలు అదే ఊర్ల ఉంటరు, చెప్పినామె కూడ అదే ఊర్ల బతకాలె. ఇది ఎవరెవరు వినొచ్చని ఆమెనే అడుగు. వద్దంటె బయట పెట్టకు.

ఈ ఫోల్డర్లు దాచే ఖాతా నీ సొంత పేరు మీద తెరవకు. రేపు బదిలీ అయితె పిల్లల రాతలు నీ వెంబడే పోతయి, నేను తూకానికి అమ్మినట్టే. ఏడాదికొకసారి హార్డ్ డిస్కుల కాపీ తీసి బడి బీరువల పెట్టు, ఎవరి ఫోల్డర్ వాళ్లకియ్యి. డిస్కు నేను కొనిస్త, ఎవ్వరినీ అడుక్కోకు.

రాత్రి పన్నెండు దాక ఫైళ్లు చూసుకుంట కూసుంటున్నవట, మీ అమ్మ చెప్పింది. ఏం పిచ్చే నీకు? వారానికి పది మందివి చూడు, చాలు. ఒక్కొక్కరికి ఒక్క ప్రశ్న రాసి వదిలెయ్యి. అన్నం వేళకు తిను.

సద్దుల బతుకమ్మకు వస్తవు గద, ఒక్క ఫోల్డర్ చూపియ్యి నాకు. మంచిగ రాసే పిల్లది వద్దు. వెనుక బెంచీల మాట్లాడనోడు ఒకడుంటడు చూడు, వానిది తే.

మీ పెద్దబాపు
హనుమకొండ