ఆయన డేగ నా చేతుల్లో పోయింది

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. మాది గుంటూరు. పద్నాలుగేళ్లుగా అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాను. 2019లో డేగవేట, అంటే పెంచిన డేగతో వేటాడటం, నేర్చుకోవడం మొదలుపెట్టాను. నేర్పిన పెద్దాయనకు ఇప్పుడు 72 ఏళ్లు. ట్రాక్టర్ల మరమ్మతు షాపు నడిపి విరమించుకున్నారు. శీతాకాలం వస్తే ప్రతి శనివారం ఇద్దరం పొలాల్లోనే ఉండేవాళ్లం. 2020 జూన్‌లో మా నాన్నగారు పోయినప్పుడు విమానాలు లేక నేను వెళ్లలేకపోయాను. అప్పుడు కూడా సాయంత్రాలు ఆయన దగ్గరకే వెళ్లేవాణ్ని.

మొన్న జనవరిలో ఆయనకు తుంటి ఆపరేషన్ జరిగింది. తొమ్మిదేళ్లుగా పెంచుతున్న ఎర్రతోక డేగను, దాని బరువులు రాసుకునే నోటుబుక్కును నాకు అప్పగించారు. మూడో వారంలో దాన్ని కుందేళ్ల మీదకు వదిలినప్పుడు అది వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న కరెంటు స్తంభం మీద వాలింది. వాలిన క్షణంలోనే ప్రాణం పోయింది. స్తంభం దూరంగానే ఉందనుకున్నాను. ఆయనకు ఫోన్ చేసి, హఠాత్తుగా అటు వెళ్లిందని చెప్పాను. "పక్షులన్నాక పోతుంటాయి" అన్నారు. ఏడు నెలలైంది. ఆయన ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. నా సొంత పక్షిని మార్చిలో వదిలేశాను.

మా ఆవిడ "మీ నాన్నగారు పోయినప్పుడు కూడా ఇన్నాళ్లు ఇలా లేరు" అంటోంది. అమ్మకు ఈ వేట మొదటినుంచీ ఇష్టం లేదు, పాపం తగిలిందంటోంది. ఆయనకు హారిస్ అనే మరో జాతి డేగను కొని బహుమతిగా ఇస్తే బాగుంటుందా? నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది, పోస్టులో పంపేయనా? ఈ వ్యాపకం మానేస్తేనే మనశ్శాంతి అనిపిస్తోంది. మా మధ్య ఉన్నది స్నేహమా, లేక పక్షి ఒక్కటేనా?

— ఒక పాఠకుడు, కాన్సస్

జవాబు: మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఒకే చోట ఆగాను. "స్తంభం దూరంగానే ఉందనుకున్నాను." అంటే స్తంభాన్ని ముందే చూశారు. చూసి, ఫరవాలేదనుకుని డేగను వదిలారు. ఆయనకు మాత్రం "హఠాత్తుగా అటు వెళ్లింది" అని చెప్పారు. అబద్ధం కాదు, నిజమూ కాదు. నాకు రాసిన ఆ మాట ఆయనకు చెప్పలేదు. ఏడు నెలలుగా మీ చేయి ఫోను దాకా వెళ్లి ఆగిపోవడానికి కారణం అదేనని నా అనుమానం.

నేను డేగను చేతిమీద నిలిపిన మనిషిని కాను. మీ ఉత్తరం వచ్చాక కొంత చదివాను. ఒంటి తీగ మీద కూర్చున్న పిట్టకు ఏమీ కాదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు ఉన్న భాగాలు ఒకదానికొకటి చేరువగా ఉంటాయి. ఆడ ఎర్రతోక డేగ రెక్కలు విప్పితే దాదాపు నాలుగడుగులు. ఒక రెక్క ఇటు, ఒక రెక్క అటు తగిలితే చాలు. పక్షికి తెలియని ప్రమాదం కనుకనే మనిషి ముందుగా పొలం చుట్టూ చూసుకోవాలి. మీరు చూశారు. కుందేళ్లున్న పొలం, చలి ఉదయం, వేటకు సరైన బరువులో, అంటే కాస్త ఆకలితో ఉన్న పక్షి. ఆశపడ్డారు. అది పొరపాటు, బాధ్యత మీదే. "మీ తప్పేమీ లేదు" అని నేను రాస్తే మీకు ఒక పూట హాయిగా ఉంటుంది, మర్నాడు మళ్లీ ఆ స్తంభమే కనిపిస్తుంది.

ఈ మాట ఆయనతో ఎందుకు అనలేకపోయారు? మీ స్నేహం మొదలైన తీరు చూడండి. అమెరికాలో డేగవేట నేర్చుకోవాలంటే అనుభవం ఉన్న ఒకరు పూచీ పడాలి, ప్రభుత్వ పరీక్షలో 80 శాతం మార్కులు రావాలి, పక్షిని ఉంచే గదిని అధికారులు వచ్చి చూడాలి, కనీసం రెండేళ్లు శిష్యరికం చేయాలి. స్నేహితుల్ని మనం టీ కొట్టు దగ్గరో, పక్కింట్లోనో వెతుక్కుంటాం. మీకు చట్టం అడిగిన సంతకంతో ఒక స్నేహితుడు దొరికాడు. మీరు తయారయ్యారని ఆయనే పూచీ పడి ఉంటారు. ఇప్పుడు "నేను స్తంభం చూశాను" అంటే ఆ పూచీ తప్పని ఒప్పుకున్నట్టు అవుతుందని మీ భయం. పక్షి పోయిందన్న దుఃఖం ఒకటి, గురువు దగ్గర మార్కులు పోతాయన్న బెరుకు ఇంకొకటి. రెండూ కలిసిపోయి ఒకే బరువులా ఉన్నాయి. విడదీసి చూస్తే రెండోది మోయగలిగినదే.

ఇక ఆయన మౌనం. కోపం అని మీరు తీర్పు ఇచ్చేసినట్టున్నారు. నాకు అంత నమ్మకంగా లేదు. 72 ఏళ్ల మనిషి, తుంటి ఆపరేషన్, గడ్డి పొలాల్లో గంటలకొద్దీ నడవాల్సిన పని. ఆయనకు పోయింది పక్షి ఒక్కటే కాదు. మళ్లీ ఆ పొలాల్లో నడుస్తానా అన్న ప్రశ్న అప్పుడే మొదలై ఉంటుంది. డేగ బతికి ఉంటే దాని కోసమైనా లేవాలన్న పట్టుదల ఉండేది. పైగా పక్షిని మీ చేతికి ఇచ్చింది ఆయనే. "నేను మంచాన పడకపోతే" అని ఆయన తనను తాను తిట్టుకోవడం లేదని మీకు ఎలా తెలుసు? మీ ఫోను రాకపోవడాన్ని ఆయన ఎలా అర్థం చేసుకుని ఉంటారు? పక్షి లేదు, కాళ్లు లేవు, ఇక నాతో ఏం పని అని ఆ కుర్రాడు తప్పుకున్నాడనుకుని ఉండవచ్చు. (72 ఏళ్లవారికి 41 ఏళ్లవారు కుర్రాళ్లే, ఏమనుకోకండి.) మీరు నన్ను అడిగిన చివరి ప్రశ్న ఆయనకూ వచ్చి ఉంటుంది: ఉన్నది స్నేహమా, పక్షి ఒక్కటేనా?

దానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, మీరే తొందరగా దాటేశారు. 2020 జూన్. ఆ నెలలో వేట ఉండదు. డేగలు పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకునే కాలం, గదిలో కూర్చుని తినడమే వాటి పని. మరి సాయంత్రాలు ఆయన దగ్గరకు ఎందుకు వెళ్లేవారు? మేత వేయడానికి రమ్మని ఆయనే పిలిచి ఉంటారని నా ఊహ. తన పక్షికి మేత వేయడం ఆయనకు చేతకాక కాదు. తండ్రిని కడసారి చూసుకోలేకపోయిన మనిషిని ఇంట్లో ఒంటరిగా కూర్చోనివ్వకూడదని. "బాధగా ఉందా?" అని ఒక్కసారైనా అడిగారా? అడిగి ఉండరు. కొంతమందికి ఓదార్పు అంటే చేతికి ఒక పని ఇవ్వడం. మన ఊళ్లలోనూ అలాంటి పెద్దవాళ్లు ఉంటారు. ఏడుస్తున్నవాడి చేతిలో చెంబు పెట్టి "దూడకు నీళ్లు పెట్టిరా" అంటారు.

అందుకే మీ ఆవిడ అన్న మాట నాకు వింతగా అనిపించలేదు. నాన్నగారు పోయినప్పుడు మీకు వెళ్లడానికి ఒక చోటు ఉంది. ఇప్పుడు ఆ చోటే పోయింది. ఈ మాట ఆమెకు ఇలాగే చెప్పండి. ఆమె పక్షిని తక్కువ చేయడం లేదు. ఏడు నెలలుగా ఇంట్లో ఒక మౌనం తిరుగుతుంటే దానికి పేరు అడుగుతోంది. ఆమెకు మీరింకా జవాబు బాకీ ఉన్నారు.

అమ్మగారితో వాదించకండి. డేగవేట పరాయి దేశపు పిచ్చి అని ఆమె అనుకుంటే, విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహరాయలి ఇంటిపేరులోని సాళువ అన్నది వేటడేగ పేరేనని సరదాకి చెప్పవచ్చు. ఇప్పుడు మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం డేగను పట్టడం, పెంచడం నేరం కాబట్టి ఆమె కళ్లముందు అది కనబడలేదు, అంతే. పాపం సంగతి ఆమెకే వదిలేయండి. కొడుకు బాధలో ఉన్నాడని ఆమెకు తెలిసింది. ఆ బాధను చెప్పడానికి ఆమె దగ్గరున్న మాట అది.

హారిస్ డేగ మాత్రం వద్దు. గట్టిగానే చెబుతున్నాను. అడవిలో పట్టిన పక్షిని అక్కడ అమ్మకూడదు, కొనకూడదు. పెంపక కేంద్రంలో పుట్టినదాన్ని కొనవచ్చు. చట్టానికి అభ్యంతరం లేదు. కానీ అది మనిషి దగ్గర ఇరవై ఏళ్లకు పైగా బతకగల పక్షి. రోజూ తూచాలి, మేపాలి, ఎగరేయాలి. తుంటి మార్పించుకున్న 72 ఏళ్ల మనిషి గుమ్మంలో దాన్ని పెట్టి రావడం బహుమతి కాదు, బాకీ తీర్చేసుకోవడం. ఎంత మంచి పక్షి అయినా దాని వెనక మీ తొందర కనిపిస్తుంది.

మానేయడం గురించి ఇప్పుడు నిర్ణయం తీసుకోకండి. మిమ్మల్ని మీరు శిక్షించుకోవడానికి మానేస్తే ఆయన నేర్పింది కూడా వృథా అయినట్టు ఆయనకు అనిపిస్తుంది. రెండేళ్ల తర్వాత విసుగు పుట్టి మానేస్తే అది వేరే సంగతి.

నోటుబుక్కు గురించి అడిగారు. పోస్టులో పంపకండి. దాన్ని ఒకసారి తెరిచి చూడండి. తొమ్మిదేళ్లు రోజూ ఒక మనిషి ఒక పక్షిని తూచి గ్రాముల్లో రాసుకున్న పుస్తకం అది. ఏ రోజు ఎంత మాంసం తిన్నది, గాలి ఎలా ఉంది, చేతిమీదకు వెంటనే వచ్చిందా, చెట్టుమీద అలిగి కూర్చుందా. డేగ మనిషిని ప్రేమించదని, తిండి సులువుగా దొరుకుతుందని తిరిగి వస్తుందని వేటగాళ్లే చెబుతారు. ప్రేమ అంతా రాసేవాడి వైపే ఉంటుంది. చివరి మూడు వారాలు మీ చేతిరాత. ఆ చివరి రోజు బరువు రాశారా? ఉదయం తూచే ఉంటారు కదా, తూచకుండా ఎగరేయరు. రాయకపోయి ఉంటే రాయండి. తేదీ, బరువు, పొలం పేరు. దాని కింద ఒక్క ముక్క: "స్తంభం చూశాను. దూరం అనుకున్నాను." క్షమించమని రాయకండి, ఆ పుస్తకంలో ఆయన అలాంటివి రాయలేదు.

అది పట్టుకుని వెళ్లండి. ముందు ఫోన్ చేసి, "నోటుబుక్కు ఇవ్వడానికి వస్తున్నాను" అనండి, చాలు. ఇంట్లో కూర్చున్నాక పుస్తకం చేతికిచ్చి, రాసిన మాటనే నోటితో కూడా చెప్పండి. ఆయన కోప్పడితే వినండి. "నాకు తెలుసు" అన్నా అనవచ్చు. పొలాలన్నీ ఎరిగిన మనిషి. ఏ స్తంభమో మీరు ఫోన్ చేసిన రోజే ఊహించి ఉంటారు. ఏమీ అనకుండా కాఫీ పెట్టడానికి లేచినా కంగారు పడకండి. మీరు చెప్పాల్సింది చెప్పారు. క్షమాపణ దొరికిందా లేదా అని ఆయన ముఖంలో వెతకకండి, అది ఆయనకు మరో పని పెట్టడమే.

ఆ తర్వాత ఆయన్ను ఒకటి అడగండి. ఆకురాలు కాలం వస్తోంది, మీ దగ్గర పక్షి లేదు. కొత్తదాన్ని పట్టాలి. మీరు వాడే బోను పేరు బాల్ ఛత్రీ అని చదివి నవ్వుకున్నాను. బాల్ అంటే వెంట్రుక, ఛత్రీ అంటే గొడుగు. మన దేశపు వేటగాళ్లు గుర్రపు వెంట్రుకలతో ఉచ్చులు కట్టి చేసిన బోను కాన్సస్ రోడ్ల దాకా వెళ్లి, అక్కడ చేపల గాలపు దారంతో తయారవుతోంది. లోపల ఎలుక, పైన ఉచ్చులు. రోడ్డు పక్క స్తంభం మీద ఏడాది నిండని డేగ కనిపిస్తే కారును మెల్లగా పోనిస్తూ, దానికి కనబడని వైపు తలుపులోంచి బోనును నేలమీదకు జారవిడిచి, ఆగకుండా ముందుకు వెళ్లి దూరం నుంచి చూస్తూ కూర్చోవాలి. ఒకరు నడపాలి, ఒకరు వదలాలి. ఒంటరిగా చేయడం కష్టమని ఆయనకు తెలుసు, మీకూ తెలుసు. అన్నిటికంటే మంచి సంగతి, ఇందులో నడక ఆయనకు అక్కర్లేదు. డేగ చిక్కాక పరిగెత్తాల్సింది మీరు.

"మీకు తోడుగా ఉండాలని వస్తున్నాను" అనకండి, నొచ్చుకుంటారు. "నాకు ఒక మనిషి కావాలి" అనండి. నిజం కూడా అదే.

ఈసారి రానంటే, పట్టాక కొత్త పక్షి బరువు ఎంతో ఫోన్ చేసి చెప్పండి. మళ్లీ వారం మళ్లీ చెప్పండి. ఆ లెక్క వినకుండా ఉండగలిగిన మనిషి తొమ్మిదేళ్లు నోటుబుక్కు రాయడు.

ఆపరేషన్ ఏ వైపు జరిగిందో మీరు రాయలేదు. కుడివైపు అయితే కారు నడపడానికి డాక్టరు ఒప్పుకున్నారా అని అడిగి తెలుసుకోండి. లేదంటే మీరే నడపండి. బోను ఆయన వదులుతారు, దానికి సీటులోంచి లేవనక్కర్లేదు.