బై, అంటిల్, ఫర్, ఇన్: టైమ్‌ని కాదు, ముందు వెర్బ్‌ని చూడండి

ప్రశ్న అడిగినవారి ఇబ్బంది ఇది: "ఇన్, ఆన్, ఎట్, బై, అంటిల్, ఫర్, సిన్స్ పట్టిక అంతా బట్టీ పట్టాను. అయినా ఈమెయిల్ రాసేటప్పుడు ఏది పెట్టాలో తేలడం లేదు. గుర్తుపెట్టుకోవడానికి చిట్కా ఉందా?"

ఆ పట్టికను పక్కన పెట్టేయండి. సోమవారానికి ఆన్, జూన్‌కి ఇన్, ఐదు గంటలకి ఎట్ అని చెప్పడం వరకే అది పనికొస్తుంది. బై రావాలా అంటిల్ రావాలా, ఫర్ రావాలా ఇన్ రావాలా అన్నది తేల్చేది వెర్బ్. బడిలో ఖాళీలు పూరించమన్నప్పుడు మనందరం ఖాళీకి కుడివైపున్న వారం పేరో గంటో చూసి రాయడం అలవాటు చేసుకున్నాం. చూడాల్సింది ఎడమవైపు, అక్కడ ఉన్న పనిని. ఈ ఒక్క అలవాటు వల్ల ఎంత నష్టం జరుగుతోందో నేను ఆఫీసులో కళ్ళారా చూశాను.

మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒకమ్మాయికి, విదేశంలో ఉన్న మరో టీమ్‌కి మెయిల్ పెట్టే పని అప్పజెప్పారు. వాళ్ళ టైమ్ ప్రకారం మధ్యాహ్నం మూడింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా సిస్టమ్ పనిచేయదు, మెయింటెనెన్స్ ఉంది. మెయిల్ వెళ్ళింది సరిగ్గా పని మొదలవబోతున్నప్పుడు కాబట్టి మూడు గంటల సంగతి ఆమె రాయలేదు. ఒకే ఒక్క వాక్యం: "ద సిస్టమ్ విల్ బి డౌన్ బై సిక్స్ పీఎం."

ఆమె ఉద్దేశం ఆరింటి దాకా పనిచేయదని. అవతలివాళ్ళు చదువుకున్నది ఆరింటికల్లా ఆగిపోయి ఉంటుందని! దాంతో ఉన్న పనంతా ఈలోపే ముగించాలని హడావుడిగా ఎంట్రీలు ఎక్కించడం మొదలుపెట్టారు. స్క్రీన్ మాటిమాటికీ ఆగిపోతుంటే లోడ్ ఎక్కువై స్లో అయిందనుకుని మళ్ళీ మళ్ళీ నొక్కారు. ఒక్క ఎంట్రీ కూడా సేవ్ కాలేదు. ఆరయ్యేసరికి ఇక సిస్టమ్ ఉండదు కదా అని అందరూ వెళ్ళిపోయారు. సిస్టమ్ తిరిగొచ్చింది ఆరింటికే, అప్పటికి దాన్ని వాడేవాళ్ళెవరూ లేరు.

మర్నాడు కాల్‌లో పెద్ద రభస. మేనేజర్ అందరి ముందే "ఈ అమ్మాయిని స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చేర్పించండి" అన్నాడు. నాకు ఇప్పటికీ ఆ మాట మీద కోపం పోలేదు. ఆ అమ్మాయి ఇంగ్లీష్ చక్కగా మాట్లాడుతుంది. ఆ వాక్యంలో స్పెల్లింగ్ తప్పు లేదు, గ్రామర్ తప్పు లేదు. గ్రామర్ చూసే సాఫ్ట్‌వేర్ కింద గీత కూడా గీయలేదు, ఎందుకంటే అది పూర్తిగా సరైన వాక్యమే. కాకపోతే ఇంకో సంగతి చెబుతుంది. ఇలాంటి తేడాను ఏ క్లాసులోనైనా కూర్చోబెట్టి చెప్పారా? నేను చూసినంతలో లేదు. అక్కడా అదే పట్టిక, అదే బట్టీ.

అదే అమ్మాయిని తెలుగులో చెప్పమంటే ఎప్పుడైనా పొరబడుతుందా? "ఆరింటి దాకా పనిచేయదు" అంటుందే గానీ "ఆరింటికల్లా పనిచేయదు" అనదు. సాగే పనికి దాకా, ముగిసే పనికి కల్లా లేదా లోపు. ఇంగ్లీషులోనూ ఇంతే. వెయిట్, స్టే, స్లీప్, వర్క్ లాంటి సాగే వెర్బ్‌ల తర్వాత అంటిల్ వస్తుంది. ఫినిష్, సబ్మిట్, రీచ్, రిటర్న్ లాంటి ముగిసే వెర్బ్‌లకు బై. హిందీలో ఈ రెంటికీ 'తక్' ఒక్కటే సరిపోతుంది, కాబట్టి వాళ్ళకి కొత్తగా నేర్చుకోవాల్సిన పని ఉంది. మనకి ఆ తేడా చిన్నప్పటి నుంచీ నోట్లోనే ఉంది. లేదన్నప్పుడు కూడా రెండు భాషలూ కలిసే నడుస్తాయి. "సోమవారం దాకా వచ్చాడు" అనం, "సోమవారం దాకా రాలేదు" అంటాం. ఇంగ్లీషులో కూడా "హి అరైవ్డ్ అంటిల్ మండే" తప్పు, "హి డిడ్‌న్ట్ అరైవ్ అంటిల్ మండే" ఒప్పు. రావడం ఒక్క క్షణంలో అయిపోతుంది, రాకుండా ఉండటం సాగుతుంది కనుక.

ఫర్, ఇన్ సంగతి ఇంకా తేలిక. "గంటసేపు చదివాడు", "గంటలో చదివేశాడు": మొదటిదాంట్లో చదువు సాగింది, పుస్తకం అయిపోయిందో లేదో తెలియదు. రెండోదాంట్లో అయిపోయింది. సేపు ఉన్నచోట ఫర్, లో ఉన్నచోట ఇన్. 1957లో జెనో వెండ్లర్ అనే తత్వవేత్త వెర్బ్‌లను కాలంతో వాటికుండే సంబంధాన్ని బట్టి నాలుగు రకాలు చేశాడు. తెలియడం, ప్రేమించడం లాంటి స్థితులు ఒక రకం. పరుగెత్తడం లాంటి సాగే పనులు ఒకటి. వృత్తం గీయడం లాంటి, ఒక చివర ఉన్న పనులు ఒకటి. శిఖరం చేరడం లాంటి క్షణంలో అయిపోయేవి నాలుగో రకం. ఫర్ పడుతుందా ఇన్ పడుతుందా అన్న పరీక్షను భాషాశాస్త్రంలో ఇప్పటికీ వాడుతున్నారు. తెలుగువాళ్ళం సేపు, లో అంటూ ఆ పరీక్షను రోజూ చేస్తూనే ఉన్నాం.

అన్నిచోట్లా తెలుగును నమ్ముకోమని కాదు. రెండు చోట్ల అది పక్కదారి పట్టిస్తుంది. ఒకటి 'నుంచి'. "2015 నుంచి", "రెండేళ్ళ నుంచి" రెండూ మనకి ఒకటే. ఇంగ్లీషులో పని మొదలైన చోటు చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్. "సిన్స్ టూ ఇయర్స్" అని మనవాళ్ళు అంత ఎక్కువగా అనడానికి కారణం ఇదే. దానికన్నా ప్రమాదం వెర్బ్‌తో వస్తుంది. ఇంటర్వ్యూలో "ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ ఫైవ్ ఇయర్స్" అంటే ఆ ఉద్యోగం మానేశారని అర్థం. ఇంకా చేస్తుంటే "ఐ హావ్ వర్క్‌డ్" అనాలి. ఫర్ రెండిట్లోనూ సరిగ్గానే ఉంది, అర్థం మార్చింది వెర్బే.

రెండోది రాబోయే పనికి వాడే ఇన్. "రెండు గంటల్లో వస్తా" అంటే మనకి ఆ లోపు ఎప్పుడైనా రావచ్చు. "ఐ విల్ బి బ్యాక్ ఇన్ టూ అవర్స్" అంటే మామూలుగా రెండు గంటలు గడిచాక వస్తారని. లోపే అని చెప్పాలంటే వితిన్ వాడండి. అయిపోయిన పనికి ఈ గొడవ లేదు, "ఐ రోట్ ఇట్ ఇన్ టూ అవర్స్" అంటే రాయడానికి పట్టిన సమయమే.

ఇంకో సంగతి, ఎవరూ చెప్పనిది. "షి లెఫ్ట్ ఫర్ యాన్ అవర్" అంటే వెళ్ళడానికి గంట పట్టిందని కాదు, వెళ్ళి గంటసేపు లేకుండా ఉందని. "ఓపెన్ ద విండో ఫర్ టెన్ మినిట్స్" కూడా అంతే, కిటికీ పది నిమిషాలు తెరిచి ఉంచమని. క్షణంలో అయిపోయే వెర్బ్ పక్కన ఫర్ చేరితే, ఆ పని తర్వాత మిగిలే స్థితికి అది కొలత అవుతుంది. ఈ ఒక్కటి అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే దారికొస్తాయని నా గట్టి నమ్మకం.

లాస్ట్, నెక్స్ట్, దిస్, ఎవ్రీ ఉంటే ముందు ఏదీ పెట్టకండి: "ఐ మెట్ హిమ్ లాస్ట్ మండే", ఆన్ అక్కర్లేదు. అమెరికా పత్రికల్లో ఉత్త మండేకి కూడా ఆన్ తీసేస్తారు, అది తప్పేమో అని టెన్షన్ పడకండి.

ఇక సెలవు మెయిళ్ళు. "ఆన్ లీవ్ అంటిల్ ఫ్రైడే" అని రాస్తే శుక్రవారం ఆఫీసుకి వస్తారా రారా? ఇంగ్లీషువాళ్ళే రెండు రకాలుగా చదువుకుంటారు. అమెరికన్లు "మండే త్రూ ఫ్రైడే" అంటే శుక్రవారం కూడా లెక్కలోకి వస్తుంది. అది నచ్చకపోతే "బ్యాక్ ఆన్ మండే" అని ఇంకో ముక్క రాయండి. బ్యాక్ అంటే తిరిగి రావడం, ఒక్క రోజున జరిగే పని, కాబట్టి ఆన్ సరిపోతుంది.